పెద్దవల లాగిన ఊరు

చీలిన బంతి వాకిట్లోనే పడి ఉంది. తోలు ఒకపక్క, లోపలి బ్లాడరు ఒకపక్క. గంగయ్య వలలు కోసే కత్తితో దాన్ని చీల్చి విసిరేసిన దగ్గర్నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

గంగయ్య వల ముందేసుకుని కూర్చుని తెగిన కళ్లు అల్లుతున్నాడు. కొడుకు చిన్నయ్య పాక గోడకు ఆనుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. పొద్దు వాలుతోంది. నెత్తళ్ల పులుసు పొయ్యి మీదే చల్లారిపోయింది.

"లేవరా అయ్యా. రెండు ముద్దలు తిను," అంది పేరంటాలు.

"ఆకలిగా లేదమ్మా."

"పొద్దున్నుంచీ ఇదే మాట."

"వాడికి ఆకలెందుకుంటుందే?" గంగయ్య తలెత్తకుండానే అన్నాడు. "బాపట్లోళ్లు జేజేలు కొట్టి వాడి కడుపు నింపేశారుగా."

 చిన్నయ్య చెల్లెలు గంగాభవాని మెల్లగా తల్లి వెనక్కి జరిగింది. అన్న మీద నాన్న చెయ్యెత్తుతాడేమోనని ఆ పిల్ల భయం. చెయ్యెత్తినా బాగుండేది అనుకుంది పేరంటాలు. ఈ మౌనం కంటే అదే నయం.

సరుగుడు తోటల్లోంచి సైకిలు బెల్లు వినిపించింది. డ్రిల్లు మాస్టారు బర్నబాస్. ఇసకలో సైకిలు నడవక, దిగి తోసుకుంటూ వస్తున్నాడు. ఒకప్పుడు సముద్రస్నానానికి వచ్చి, ఒడ్డున ఎగిరెగిరి బంతి పట్టుకుంటున్న చిన్నయ్యను చూసి, బాపట్ల కుర్రాళ్ల జట్టులో గోల్ కీపరుగా నిలబెట్టింది ఆయనే.

మాస్టారు వాకిట్లో ఆగాడు. బంతి వైపు చూశాడు. వంగి, రెండు ముక్కలూ తీసి, సైకిలు క్యారియరు మీద పెట్టుకున్నాడు. 

"రేపే ఫైనలు గంగయ్యా. తెనాలి వాళ్ల మీద, తెనాలిలోనే. పదకొండింటి పాసింజరుకి పిల్లలంతా స్టేషన్లో ఉండాలి."

"ఉండమనండి."

"గోల్ కీపరు లేకుండా ఏం ఉంటారు?"

"మాస్టారండీ, రేపు నా వంతు." గంగయ్య అల్లకం ఆపాడు. "పెద్దవల వేసే వంతు. మా పెద్దకొడుకు పోలయ్య చెయ్యి విరగ్గొట్టుకుని అత్తోరింట్లో పడున్నాడు. పడవ మీదికి ముసలోళ్లమన్నా సరిపోతాం. ఒడ్డునుంచి తాడు లాగాలంటే బలగం కావాలి. పల్లెలో కుర్రోళ్లంతా తెనాలి మ్యాచికి పోతామని ఇప్పట్నుంచే గంతులేస్తన్నారు. నా కొడుకూ పోతే ఇంక వలెవరు లాగుతారండీ?"

"మనుషులుంటే పంపిస్తావా?"

 చిన్నయ్య మొదటిసారి సముద్రం మీంచి చూపు తిప్పాడు.

"ఉంటే చూద్దామండి."

"మాటేనా?"

"చూద్దామన్నానండి."

మాస్టారు తల ఊపి సైకిలు తిప్పుకున్నాడు. ఆయన వీపు తోటల్లో కలిసిపోయేదాకా అందరూ అటే చూశారు.

పేరంటాలు మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నీ కోపం వంతు గురించి కాదు మావా."

"మరి దేని గురించి?"

"అదే అడుగుతున్నా. రేపల్లె మీద గెలిచారని కబురొచ్చినప్పుడు పల్లెంతా తిరిగి చెప్పొచ్చావు. మా చిన్నోడే ఆపాడంట, మా చిన్నోడే ఆపాడంట అని. కొడుకుని తీసుకొస్తానని ఊళ్లోకి పోయావు. తిరిగొచ్చిందగ్గర్నుంచీ మూగోడివైపోయావు. ఏంటది? ఏం జరిగిందక్కడ?"

గంగయ్య వల పక్కకు నెట్టాడు.

"బ్రహ్మయ్యగారింటికి పోయాను."

బ్రహ్మయ్యగారంటే బాపట్లలో పెద్ద రైతు. రైసుమిల్లు ఆయనదే. ఫుట్‌బాల్ జట్టుకు ప్రెసిడెంటు ఆయనే, కెప్టెను ఆయన కొడుకు సీతారామాంజనేయులు. పెళ్లయిన కొత్తలోనుంచీ పేరంటాలు ఆ ఇంటికి చేపలు పోస్తోంది. పెరటి గుమ్మం దగ్గర గంప దించుతుంది. ఆయన భార్య మాణిక్యాంబగారు వచ్చి, "ఏమే పేరంటాలూ, ఇవాళ ఏం తెచ్చావు?" అని పలకరిస్తుంది. ఆ గడప లోపల ఏముందో పేరంటాలుకి తెలియదు. తెలుసుకోవాలనీ ఎప్పుడూ అనిపించలేదు.

"గెలిచొచ్చిన పిల్లలకి అక్కడ విందు," అన్నాడు గంగయ్య. "చీకటి దారి కదా, వీణ్ణి వెంటబెట్టుకొద్దామని కంచె దగ్గర నిలబడ్డాను. లోపల హాల్లో లైట్లు. వరసగా విస్తళ్లు. పిల్లలంతా నవ్వుకుంటా తింటన్నారు. మనోడు కనబడలేదు. ఎక్కడా అని చూస్తే..."



"చూస్తే?"

"వీధరుగు మీద. ఒక్కడే. చెప్పులిడిచే చోట విస్తరేసి పెట్టారు. వంచిన తల ఎత్తకుండా తింటన్నాడు."

 ఆ ఇంటి పెరటి మెట్టు మీద పేరంటాలు ఎన్నిసార్లు కూర్చుందో. ఒక్కనాడూ చిన్నతనం అనిపించలేదు. అది తన చోటు అనుకుంది. కాని కొడుకునీ గడప బయటే కూర్చోబెట్టారని విన్నాక, అది ఎవరి చోటూ కాదనిపించింది.

"వాడు చెప్పలేదే. గారెలు బాగున్నాయమ్మా అన్నాడు."

"నేను చూశానని వాడికి తెలీదు."

"తెలుసు."

చిన్నయ్య గొంతు. గోడ దగ్గర్నుంచి లేచి ఎప్పుడొచ్చాడో, తండ్రి వెనక నిలబడి ఉన్నాడు.

"కంచె అవతల నీ ఎర్ర తలపాగా కనబడింది నాన్నా. పిలుద్దామనుకున్నాను. నువ్వప్పటికే తిరిగి నడిచిపోతున్నావు."

గంగయ్య కొడుకు మొహంలోకి చూడలేకపోయాడు.

"ఇంకా వాళ్ల కోసమే ఆడతానంటావేంట్రా?"

"వాళ్ల కోసం కాదు. ఆంజనేయులు నేను లోపలున్నాననుకున్నాడంట. తెలిసిందగ్గర్నుంచి వాడు వాళ్లింట్లో అన్నం ముట్టడం లేదు. మిగతావాళ్లూ మంచోళ్లే. గోల్లో నిలబడ్డప్పుడు నాకింకేదీ గుర్తుండదు నాన్నా. బంతొస్తది. పట్టుకోవాలి. అంతే."

"నాకు గుర్తుంటది," అన్నాడు గంగయ్య.

ఆ రాత్రి ఆ పాకలో ఎవరూ అన్నం తినలేదు.

తెల్లవారేసరికి పడవ వల దించుకుంటూ అర్ధచంద్రంలా తిరిగి ఒడ్డుకొచ్చింది. తాడు ఒక కొస ఇటు, ఒక కొస అటు. ఇక రెండు వైపులనుంచీ లాగాలి. పల్లె కుర్రాళ్లంతా చీకటితోనే స్టేషన్‌కి బయల్దేరిపోయారు. ఒడ్డున ఉన్నదెవరు? నలుగురు ముసలివాళ్లు, కొంతమంది ఆడవాళ్లు, చిన్నయ్య. వాడు ఎవరూ చెప్పకముందే వచ్చి తాడు పట్టుకున్నాడు.

తాడు బిగుసుకుంది. వల కదల్లేదు.

"అమ్మా, అటు చూడు!" గంగాభవాని కేక పెట్టింది.

పేరంటాలు తిరిగి చూసింది. తోటల మధ్య దారి నిండా మనుషులు. ముందు సైకిళ్లు. వెనక ఎడ్లబళ్లు. బళ్ల వెనక, తెల్లచొక్కాలు, లుంగీలు, పంచెలు, నడిచి వస్తున్నవాళ్లు. వాళ్లను దాటుకుంటూ ధూళి రేపుతూ ఒక లారీ. దాని మీద నిలబడ్డ వ్యవసాయ కాలేజీ కుర్రాళ్లు గట్టిగా అరుస్తున్నారు. గాలి ఎదురు కావడంతో ఏమంటున్నారో మొదట తెలియలేదు. దగ్గరికొచ్చాక తెలిసింది.

"చిన్నయ్య! చిన్నయ్య!"

ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊరంటే ఇన్నాళ్లూ ఆమెకు పెరటి గుమ్మాలే. బేరాలాడే గొంతులు, గంపలోకి దిగే చేతులు. ఆ ఊరికి ఇన్ని మొహాలున్నాయని ఆమెకు తెలియదు. ఈ ఇసక మీదికి, ఈ పల్లెలోకి అవి నడిచి వస్తాయని కలలో కూడా అనుకోలేదు.

కోర్టులో నల్లకోటుతో తిరిగే ప్లీడరు వెంకటప్పయ్యగారు అందరికంటే ముందు వచ్చాడు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, నీళ్లంచుకు నడిచాడు.

"గంగయ్యా, ఎక్కడ పట్టుకోమంటావు?"



"మీరాండీ?"

"బర్నబాస్ మాస్టారు రాత్రి వీధి వీధికీ తిరిగాడయ్యా. వలకి మనుషుల్లేరు, వల రాకపోతే గోల్ కీపరు రాడు అన్నాడు. వచ్చాం. ఎక్కడ పట్టుకోవాలో చెప్పు. రైలుకి టైమవుతోంది."

"తాడు నడుముకి ఆనించండి," అన్నాడు గంగయ్య.  మళ్లీ గట్టిగా అన్నాడు. "చేతుల్తో కాదండీ, నడుంతో లాగాలి! మడమలు ఇసకలో తన్నిపెట్టండి!"

దర్జీలు, మాస్టార్లు, మిల్లు కూలీలు, కాలేజీ పిల్లలు, ఒకరి వెనక ఒకరు తాడుకు వేలాడారు. హోటలు సుబ్బారావు పెద్ద బొజ్జతో వెల్లకిలా పడి, లేచి, మళ్లీ పట్టుకున్నాడు. జట్టు కుర్రాళ్లందరూ చిన్నయ్య చుట్టూ చేరారు. ఆంజనేయులు సరిగ్గా వాడి వెనక నిలబడ్డాడు.

పల్లెలో ముసలి తాత ఒకాయన పాట ఎత్తుకున్నాడు. "ఐలసా..."

"హైలెస్సా!" అంది ఊరు.

కెరటాల హోరు అణిగిపోయేలా మళ్లీ అంది.  పేరంటాలు పుట్టి బుద్ధెరిగిందగ్గర్నుంచీ వింటున్న పాటే. ఇన్ని గొంతుల్లో ఎన్నడూ వినలేదు. తాడు ఇసక మీద చుట్టలు చుట్టుకుంటూ పెరుగుతోంది. నీళ్ల మీద తేలే వల బెండ్లు ఒడ్డుకు దగ్గరవుతున్నాయి.

వల సంచి ఒడ్డెక్కగానే అందరూ చుట్టూ మూగారు. సంచి నిండా కవళ్ల చేపలు. తళతళా మెరుస్తూ, కుప్పలుగా, ఊపిరి తీసుకుంటున్నట్టు ఆ కుప్ప మొత్తం కదులుతోంది. ప్లీడరుగారు చేతుల మీద లేచిన బొబ్బల సంగతి మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఇదంతా రోజూ ఉంటుందా మన పక్కన?" అన్నాడు మెల్లగా, ఎవరితోనో తెలియకుండా.

పేరంటాలు గంప కోసం పాకలోకి వెళ్లి, గుమ్మంలో ఆగిపోయింది. లోపల ఎవరో నిలబడి ఉన్నారు. జరీ అంచు చీర, చేతినిండా గాజులు.

"మాణిక్యమ్మగారూ! మీరెట్టా వచ్చారండీ?"

"లారీలో, డ్రైవరు పక్కన కూర్చుని. మా మిల్లు లారీయేగా. ఆయనకి చెప్పలేదు." మాణిక్యాంబ పాక అంతా ఒకసారి చూసింది. "కూర్చోవచ్చా పేరంటాలూ?"

పేరంటాలు కంగారుగా పీట కోసం వెతికింది. అది దొరికేలోపే ఆమె నేల మీద చతికిలబడింది.

"ఆ రోజు నీ కొడుక్కి అరుగు మీద విస్తరేసింది నేనే."

పేరంటాలు చేతిలో పీట అలాగే ఉండిపోయింది.

"ఎవరూ చెప్పలేదు నాకు. చెయ్యి అలవాటుగా అటు పోయింది. వేశానన్న గుర్తు కూడా లేదు. మా వాడు అడిగాడు. 'అమ్మా, గోల్లో వాడు లేకపోతే మేం రేపల్లెలో గెలిచేవాళ్లం కాదు. వాణ్ణెందుకు బయట కూర్చోబెట్టావు?' అని. ఏం చెప్పను? వాళ్ల నాన్న చెప్పాడు. ఆట ఆటే, ఇల్లు ఇల్లే అని. అప్పట్నుంచి వాడు మా ఇంట్లో మెతుకు ముట్టడం లేదు. వాడు తినకుండా నాకు మాత్రం ముద్ద ఎలా దిగుతుంది?"

బయట కేకలు, నవ్వులు. 

"ఆకలేస్తోందమ్మా," అంది మాణిక్యాంబ.

పేరంటాలు కుండ వైపు చూసింది. రాత్రి ఎవరూ తినని అన్నం. నీళ్లు పోసి ఉంచింది. ఇది పెట్టనా ఈమెకి? సత్తుగిన్నెలోకి వంచి, ఉల్లిపాయ పెట్టి, ముందుంచింది. నెత్తళ్ల పులుసు ఒక పక్కన వేసింది.

మాణిక్యాంబ తింది. మర్యాదకు రెండు ముద్దలు తిని లేవలేదు. గిన్నె అడుగు కనిపించేదాకా తింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా తింది. పేరంటాలు గుంజకు ఆనుకుని, కొత్త చోటు చూస్తున్నట్టు తన పాకనే చూస్తూ నిలబడింది.

గుమ్మంలో నీడ పడింది. గంగయ్య. ఒంటిమీంచి సముద్రం నీళ్లు కారుతున్నాయి. మాణిక్యాంబను చూశాడు, గిన్నెను చూశాడు.

"మాటన్నాను కాబట్టి వాణ్ణి పంపిస్తా అమ్మగారూ," అన్నాడు చివరికి. "ఊరొచ్చి నా వల లాగింది. చచ్చేదాకా మర్చిపోను. మీరొచ్చి నా ఇంట్లో తిన్నారు. అదీ మర్చిపోను. కానీ తిన్నది మీరు. అయ్యగారు కాదు."

"ఆయనతో స్టేషన్లో మాట్లాడతాను." ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. "లారీ ఎక్కండి. మీరు కూడా రండి పేరంటాలూ."

ఇన్నాళ్లూ 'ఏమే' అన్న నోటితో రండి అంది. ఆ ఒక్క మాట పేరంటాలు చెవిలో లారీ ఎక్కేదాకా మోగుతూనే ఉంది.

బాపట్ల స్టేషన్లో కాలు పెట్టే చోటు లేదు. కొట్లు మూసేసి వచ్చినవాళ్లు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్లు, కాగితాల జెండాలు, మేళం. ఇంజను పొగ వదులుతూ అప్పుడే వచ్చి ఆగింది. చిన్నయ్య లారీ దిగగానే జనం తమంతట తామే రెండుగా చీలి దారి ఇచ్చారు. ఎవరో వాడి భుజం తట్టారు. ఒక ముసలమ్మ వాడి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. కొడుకు వెనక నడుస్తూ పేరంటాలు, వీణ్ణి నేనే కన్నానా అనుకుంది.

పెట్టె ముందు బ్రహ్మయ్యగారు, మల్లెపువ్వులాంటి ఖద్దరులో, చేతిలో పూలదండతో నిలబడి ఉన్నాడు. చిన్నయ్యను చూసి నవ్వాడు. వాడి వెనక భార్యను, ఆమె పక్కన చేపలమ్మే పేరంటాలును చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎక్కణ్ణించి వస్తున్నావు మాణిక్యం?"

"పొద్దున అన్నం తిన్న ఇంటినుంచి." ఆమె గొంతు పెంచలేదు. అయినా చుట్టుపక్కలవాళ్లు మాటలు ఆపేశారు. "రాత్రి పిల్లలు తిరిగొచ్చాక భోజనాలు మనింట్లో. నట్టింట్లో, అందరికీ ఒకే వరస. గంగయ్యగారి కుటుంబం కూడా వస్తుంది. ఆ మాట మీ నోటితో చెప్పండి."

"ఇది మాట్లాడుకునే చోటా?"

"ఇదే చోటు."

"అందరి ముందు నన్ను నిలదీస్తావా? ఆట ఆటే, ఇల్లు ఇల్లే. ఇంట్లో చెప్పాను, ఇక్కడా అదే చెప్తాను."

మేళం ఆగిపోయింది. ఇంజను బుసలు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. గంగయ్య చెయ్యి కొడుకు భుజం మీదికి వెళ్లింది. వెనక్కి లాగేస్తాడనుకుంది పేరంటాలు.

చిన్నయ్య తండ్రి చేతిని మెల్లగా తీసి, ముందుకొచ్చాడు.

"అయ్యగారండీ, నేను ఆడతానండి. వీళ్లంతా నా తాడు లాగారు. ఆడకుండా ఎట్టుంటాను? కానీ గెలిచినా ఓడినా, ఆటయ్యాక మా అమ్మ చేతి అన్నమే తింటానండి. మీ ఇంటికి మాత్రం రానండి."

గొంతులో కోపం లేదు, వణుకూ లేదు. బంతి ఎటు వస్తుందో తెలిసినవాడిలా నిలబడ్డాడు. తన కొడుకు పెద్దవాళ్ల ఎదుట ఇంతసేపు మాట్లాడటం పేరంటాలు ఎప్పుడూ వినలేదు.

"నేనూ వాళ్లింటికే వెళ్తాను నాన్నగారూ," అన్నాడు ఆంజనేయులు.

"నేనూ," అన్నాడు పక్కన నిలబడ్డ, హాఫ్ బ్యాక్ ఆడే కుర్రాడు మార్కు. తర్వాత ఇంకొకడు. ఇంకొకడు. బర్నబాస్ మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

పేరంటాలు మొగుడి దగ్గరికి జరిగి, "ఇంతమందికి మన కుండ చాలుద్దా మావా?" అంది గుసగుసగా.

"ఇవాళ పడ్డ కవళ్లు చూశావుగా," అన్నాడు గంగయ్య. ఆ విందు రాత్రి తర్వాత అతని మొహం విప్పారడం ఇదే మొదలు. "ఊరంతా వచ్చినా చాలుద్ది."

ఇంజను కూసింది. జనం పెట్టెల మీద పడ్డారు. కిటికీల్లోంచి దూరేవాళ్లు దూరుతున్నారు, మెట్ల మీద వేలాడేవాళ్లు వేలాడుతున్నారు. ఇంతవరకు కొడుకు ఆట ఒక్కసారీ చూడని గంగయ్య పిల్లల వెనకే ఎక్కేశాడు. మాణిక్యాంబ ముందు తను ఎక్కి, చెయ్యి చాపి పేరంటాలును పైకి లాక్కుంది.

చూస్తుండగానే ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. బ్రహ్మయ్యగారు ఒక్కడే మిగిలాడు. చేతిలో దండ. జట్టుకు ప్రెసిడెంటు. జట్టు రైల్లో ఉంది, ఊరు రైల్లో ఉంది.

గార్డు పచ్చజెండా ఊపాడు. పెట్టె ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

మాణిక్యాంబ రమ్మని అడగలేదు. రావద్దనీ అనలేదు. తలుపు కమ్మీ పట్టుకుని, ఒక మనిషి పట్టేంత మేర పక్కకు జరిగి నిలబడింది.

ఆయన ఆ ఖాళీ వైపు చూశాడు. రైలు వేగం అందుకుంటోంది. పేరంటాలు కళ్లార్పకుండా చూస్తుండగా, బ్రహ్మయ్యగారు చేతిలోని దండ బెంచీ మీద పెట్టి, ఒక అడుగు ముందుకు వేశాడు.